దోమే ముందు వచ్చింది

నేను ఒక సిమెంటు గాబును. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: నా నీళ్ళలో పుట్టిన దోమ ఈ ఇంటి పసిపాపను కుడుతుందేమోనని. మిగతావన్నీ తట్టుకోగలను. పగుళ్ళిస్తే సిమెంటు పూస్తారు. ఆ ఒక్కటి జరిగితే ఏం పూస్తారు?

కైకలూరు రోడ్డు పక్కన ఒక మేస్త్రీ నన్ను ఇనుప అచ్చులో పోశాడు. మొదట టీ కొట్టువాళ్ళు కొన్నారు. పొద్దుటినుంచీ ఒకే నీళ్ళలో గ్లాసులు ముంచి తీస్తూ, శుభ్రంగా కడిగామని అందరికీ చెప్పేవాళ్ళు. ఆ తర్వాత చేపల చెరువు గట్టుమీద నాలో తవుడు నానబెట్టారు. అక్కడ మేత వేసే ఏడుకొండలు పెళ్ళయ్యాక నన్ను ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. నీళ్ళు పట్టి ఉంచడానికి నాలాంటిది ఉండాల్సిందే.

ఏడుకొండలు తల్లి బంగారమ్మ ఒకరోజు కాలవలో బట్టలు ఉతికి వస్తూ, చెంబుతో చిన్న చేపల్ని తెచ్చి నాలో వదిలింది. ఒక్కోదాని నెత్తిన ఒక వెండి చుక్క. అప్పటినుంచీ నాలో ఒక ఊరే వెలిసింది. గోడలకు నాచు, దాన్ని గీరుకు తినే కప్పపిల్లలు, అడుగున మాటువేసి కూర్చునే తూనీగ పిల్లలు. దోమలు వచ్చి గుడ్లు పెట్టేవి. చేపలు వాటి పిల్లల్ని తినేవి. తిండి దొరికినప్పుడు చేపలు పెరిగేవి, దొరకనప్పుడు తగ్గేవి. ఎవరూ పూర్తిగా గెలిచిందీ లేదు, పూర్తిగా పోయిందీ లేదు.

ఇంతలో ఏడుకొండలు భార్య నాగవేణి ఆడపిల్లను కన్నది. పక్క వీధిలో ఎవరికో డెంగీ వచ్చిందని విన్న దగ్గరనుంచీ ఆమెకు నిద్ర లేదు. బంగారమ్మ కూతురి ఊరు వెళ్ళిన రోజుల్లో, నాగవేణి నాలోకి వంగి చూసింది.

"ఏమయ్యా, దీంట్లో ఏవేవో కదులుతున్నాయి. ఈ నీళ్ళతోనేనా పాప గుడ్డలు ఉతికేది?"

"దానికంత కంగారెందుకే. మా చెరువుకి చేసినట్టే చేసేస్తా."

చెరువులో కొత్త పంట వేసేముందు బ్లీచింగు చల్లి, లోపల ఉన్నవాటినన్నిటినీ చంపేస్తారు. మర్నాడే ఏడుకొండలు ఆ పొడి తెచ్చి నాలో చల్లాడు. వెండి చుక్కలన్నీ వెల్లకిలా తేలాయి. నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. నాగవేణి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ నీళ్ళు చూసి నాకు మాత్రం దిగులేసింది.

మందు ఘాటు పోగానే దోమే ముందు వచ్చింది. దానికి రెక్కలున్నాయి, చేపకు లేవు. తినేవాళ్ళు లేని ఊళ్ళో దాని పిల్లలన్నీ బతికాయి. నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, అవి తోకలు పైకెత్తి వేలాడటం నా అంచు దగ్గర నిలబడితే చాలు, కనిపించేది. కానీ శుభ్రమైన నీళ్ళలోకి ఎవరు తొంగిచూస్తారు?

కొన్నాళ్ళకు పాప ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. తల్లీబిడ్డలను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తపరీక్షకు పంపారు. కబురు విని తిరిగొచ్చిన బంగారమ్మ, కాళ్ళు కడుక్కుందామని నాలో చెంబు ముంచి, అందులో కదిలే దోమపిల్లల్ని చూసి ఆగిపోయింది. బట్టలకోసం ఇంటికొచ్చిన కొడుకును పిలిచింది.

"ఏంట్రా ఇది?"

"మందు కొట్టానమ్మా. చెరువుకి కొట్టినట్టే."

"చెరువుకి కొట్టాక చేపపిల్ల వేస్తావు గదా. దీంట్లో ఏం వేశావు?"

ఏడుకొండలు నాలోకి తొంగిచూస్తుంటే, బంగారమ్మ చెంబులో నీళ్ళు నేలమీద కుమ్మరించింది.

"షావుకారు చెరువైతే అన్నీ గుర్తుంటాయి. ఇంట్లో గాబుకొచ్చేసరికి సగం పనే."

అతను బిందె తీసుకుని కాలవకు వెళ్ళాడు.

మర్నాడు పరీక్ష ఫలితం వచ్చింది. డెంగీ కాదట, మామూలు జ్వరమేనట. తగ్గుముఖం పట్టింది కూడా. నాగవేణి పాపను భుజాన వేసుకుని వచ్చి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నా అంచుమీద కూలబడింది. చల్లటి సిమెంటుకు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి వదులైంది. కొత్త చేపలు ఒక్కో దోమపిల్లనూ వెతికి వెతికి మింగుతున్నాయి.

"అత్తా, ఇవి ఎంత ఆకలిమీద ఉన్నాయో చూడు."

"బాలింతల్లాగా తింటన్నాయి. నువ్వూ లేచి రెండు ముద్దలు తిను. నిన్నటినుంచీ ఏం తిన్నావు గనక."

నాచు ఇంకా పట్టలేదు. కప్పలు రాలేదు. ఒక తూనీగ మాత్రం వచ్చి, తోక నీళ్ళకు తాకించి వెళ్ళింది. నా భయం పూర్తిగా పోలేదు, కాకపోతే ఇప్పుడు దాన్ని తినేవాళ్ళు కొందరు నాలోనే ఉన్నారు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు మందు మిగిలితే, కాలవకు అవతల నీళ్ళు ఆపే లాకు పక్కనున్న ఇంట్లో ఉండే సుజన వాళ్ళ గాబులోనూ చల్లి వచ్చానని ఏడుకొండలు ఇవాళ చెప్పాడు. ఆమెదీ చంటిబిడ్డే. మొగుడు ఇటుక బట్టీ పనికి వెళ్ళాడు, ఇంట్లో తోడెవరూ లేరు. చెరువులో చేపల పట్టుబడి మొదలైంది, ఇక ఏడుకొండలు గట్టు దిగడు. బంగారమ్మ మోకాళ్ళు వంతెన ఎక్కలేవు. నాగవేణి పాపను వదిలి కదల్లేదు. నేను సరేసరి. మీలో ఎవరైనా అటు వెళ్తుంటే, చెంబుతో కాసిని చేపలు పట్టుకెళ్ళండి. కానీ గాబు సంగతి తర్వాత చూడవచ్చు. ముందు తలుపు తట్టి, ఆ బిడ్డ నుదుటిమీద చెయ్యి వేసి చూడండి.