తాగని కాఫీ ధర

స్వేలెం పాత పికప్ ప్రాణం విడిచిన రోజున రుజైమ్ గుడారాల్లో మనుషులెవరూ కన్నీరు పెట్టలేదు గానీ, గొర్రెలు మాత్రం మూడు రోజులు గొంతెండి అరిచాయి. వాటికి నీళ్ళ ట్యాంకు మోసేది ఆ బండే. దానికి ఒక తలుపు తాడుతో నిలబడేది, రెండోది అలవాటు కొద్దీ నిలబడేది. బ్రేకు పడాలంటే ఎదురుగా కొండ ఉండాలి. ఓ ఏడు ఇసుకగాలికి దాని నీలిరంగంతా ఊడి వెళ్ళి పక్కవాళ్ళ గాడిదకి అంటుకుందనీ, ఆ గాడిద చచ్చేదాకా ఒక పక్క నీలంగానే తిరిగిందనీ స్వేలెం చెబుతాడు. స్వేలెం చెప్పినవాటిలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసుకోవాలని అతని పెళ్ళాం ఫిద్దా చెబుతుంది.

కొత్త బండికి డబ్బుంది. వేసవికి ముందే గొర్రెల్ని అమ్మి దాచాడు. కొరత డబ్బుది కాదు, పరువుది. పోయినేడు ఫిద్దా తమ్ముడు మిఫ్దీ తెల్లటి కొత్త పికప్ తెచ్చాడు. పంతొమ్మిది వేల దీనార్లకి బేరం తెంచానని శుక్రవారం మజ్లిస్‌లో, అంటే నమాజు తర్వాత మగవాళ్ళంతా చేరే పెద్ద గుడారంలో, మీసం మెలేసి మరీ చెప్పాడు.

"ఇదే బండిని నాకంటే ఒక్క దీనారు తక్కువకి ఎవడైనా తెస్తే, ఈ మీసం మీ అందరి ముందు గొరిగించుకుంటా. ఏం బావా, నువ్వు తెస్తావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఏడాది పొడుగునా స్వేలెం చెవిలో దోమలాగా తిరిగింది. కూర్చుంటే కూర్చోనివ్వలేదు, పడుకుంటే పడుకోనివ్వలేదు. మీసం గొరిగించుకున్న మనిషి ఆ గుడారాల మధ్య మళ్ళీ తలెత్తుకోలేడు. ఆ మాట తెలిసే అన్నాడు మిఫ్దీ, తెలిసే విన్నాడు స్వేలెం.

పాత బండి పోయిన నాలుగో రోజున స్వేలెం ఉతికిన అబాయా, అంటే మగవాళ్ళు పైన కప్పుకునే పొడుగు అంగీ, వేసుకుని, పొరుగువాడి బండెక్కి మఆన్ పట్నంలోని పికప్‌ల షోరూమ్‌కి పోయాడు. యజమాని అతల్లాకి నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి. కానీ వాళ్ళ తాత గుడారంలో పుట్టినవాడేనని స్వేలెం వాకబు చేసుకునే వచ్చాడు. ఇంకో సంగతీ కలిసొచ్చింది. పొద్దున్నే ఏవో కాగితాల కోసం వచ్చిన ఇద్దరు తెల్లగడ్డం పెద్దమనుషులు సోఫాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ మాటకి చుట్టుపక్కల నూరు గుడారాల్లో విలువుంది.

"రండి బాబాయ్, రండి. ముందు కాఫీ తాగండి, బేరం తర్వాత" అంటూ అతల్లా స్వయంగా చిన్న గిన్నెలోకి కాఫీ వంపి చేతికిచ్చాడు.

స్వేలెం గిన్నె తీసుకున్నాడు. యాలకుల వాసన చూశాడు. తాగలేదు. మెల్లగా బల్లమీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

సోఫాలో పెద్దమనుషులిద్దరూ నిటారుగా కూర్చున్నారు. అతల్లా ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. తాత బతికుండగా చూసిన సంగతి అతనికి గుర్తొచ్చింది. అతిథి గిన్నె కింద పెట్టాడంటే మనసులో కోరిక ఉన్నట్టు. ఇంటివాడు సరేనన్నాకే అతిథి తాగుతాడు. తాగకుండా లేచిపోయాడా, ఆ సాయంత్రానికే ఊరూరా పాకుతుంది: అతల్లా గుమ్మంలో కాఫీ చల్లారిపోయిందట అని. ఆ తర్వాత గుడారాల నుంచి ఒక్కడు కూడా ఆ షోరూమ్ మెట్టెక్కడు.

మహా అయితే కాళ్ళకింద పరుచుకునే రబ్బరు పట్టాలు ఊరికే ఇమ్మంటాడేమోలే అనుకున్నాడు అతల్లా.

"తాగండి బాబాయ్. మీరడిగింది అయిపోయిందనుకోండి."

"ఆ తెల్లది" అన్నాడు స్వేలెం గడ్డంతో చూపించి. "పదిహేడున్నర."

"ఏంటి పదిహేడున్నర?"

"వేలు."

"బాబాయ్, నేను కంపెనీ దగ్గర కొన్నదే ఆ ధరకి. నాకేం మిగలదు."

"నేనేమీ బేరమాడలేదే నాయనా. కాఫీ తాగమన్నావు, తాగుతున్నా."

"మాటిచ్చాడు" అన్నాడు ఒక పెద్దమనిషి పైకప్పుకేసి చూస్తూ. "విన్నాం" అన్నాడు రెండోవాడు.

స్వేలెం గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగి, "చల్లారింది, ఇంకోటి పొయ్యి" అన్నాడు.

అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ తాళాలు చేతిలో పెడుతూ అతల్లా నవ్వాడు. కోపం లేదు, ఏడుపు లేదు, మామూలు నవ్వు. "బాబాయ్, మీ ఇంటి కాఫీ గురించి మఆన్‌లో కూడా చెప్పుకుంటారు. ఒకరోజు తాగడానికొస్తా" అన్నాడు.

స్వేలెం అప్పుడా మాట పట్టించుకోలేదు. కొత్త బండి వాసనలో తేలుతూ రుజైమ్ చేరాడు. మొదటి గుడారంలో ఉన్నదున్నట్టే చెప్పాడు. రెండో గుడారానికి వచ్చేసరికి అతల్లా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మూడోదాంట్లో భుజం ముద్దు పెట్టుకున్నాడు. అయిదోదానికి చేరేసరికి అతల్లా గొర్రెను కోసి, అన్నం మీద మాంసం పేర్చే మన్సఫ్ వండించి, చేత్తో ముద్దలు తినిపించి, "మీలాంటివాడికి అమ్మడమే నాకు లాభం" అన్నాడు. మిఫ్దీ ఆ రోజునుంచే తలగుడ్డ కొస ముక్కుమీదికి లాగి కట్టుకు తిరగడం మొదలుపెట్టాడు.

"ఏరా మిఫ్దీ, మొహం దాచుకున్నావే?"

"దుమ్ము బావా."

"గాలే లేదు కదరా!"

"రాబోయే గాలికి."

"రంజాను పండగరోజున పెద్ద గుడారంలో గొరుగుదాం. మంగలి ఖర్చు నాదే" అన్నాడు స్వేలెం. పండగ ఇంకా రెండు నెలలుంది. అన్నాళ్ళు నమిలి నమిలి రుచి చూద్దామని అతని ఆశ.

నాలుగు రోజులు బాగానే గడిచింది. అయిదో రోజు మధ్యాహ్నం నడుం వాల్చినవాడు దిగ్గున లేచాడు.

"ఫిద్దా! కాఫీ తాగడానికొస్తానన్నాడే!"

"ఎవరు?"

"అతల్లా. మన గుడారానికొచ్చి, గిన్నె తీసుకుని, కింద పెడితే?"

ఫిద్దా పిండి పిసుకుతున్నది ఆపలేదు. "పెడితే పెడతాడు. అడిగింది ఇస్తావు. నువ్వు పుచ్చుకోలా?"

"ఏమడుగుతాడు?"

"మనకి అడగదగ్గది ఏముంది? నేనొకదాన్ని, ఆ ఒంటె ఒకటి. నన్నెవరడుగుతారు?"

అంతే. స్వేలెంకి కాలు నిలవకుండా పోయింది. అతని ఆడ ఒంటె హమ్రా ఎర్రటి ఇసుకరంగుది. దాని మెడ వంపు చూడడానికి పై ఊళ్ళనుంచి మనుషులొస్తారు. ఒకసారి ఒక మబ్బు దాని అందానికి ఆగిపోయి, పక్క లోయలో కురవాల్సిన వాన వీళ్ళ గుడారం మీద కురిసిందని స్వేలెం ఒట్టేసి చెబుతాడు.

ఆ రోజునుంచి తూర్పున దుమ్ము లేస్తే చాలు, స్వేలెం గుట్ట ఎక్కేవాడు. పాల వ్యాను అని తేలితే దిగేవాడు. దిగాడో లేదో ఇంకో దుమ్ము. రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగి, చెప్పులు అరగదీశాడు. కూర్చున్నచోట మాట ముగించకుండానే లేచిపోయేవాడు. తిన్న అన్నం ఎటుపోయిందో తెలిసేది కాదు. నీళ్ళకి పోయినా, మేతకి పోయినా, కొత్త బండిలో కూర్చుని అద్దంలో వెనక దారినే చూసేవాడు. ఒకరోజు అలా చూస్తూ చూస్తూ ముందున్న గొర్రెల మందలోకి తోలేశాడు. గొర్రెలు తప్పుకున్నాయి గానీ కాపరి తిట్టిన తిట్లు తప్పుకోలేదు.

ఆ ఆరాటంలో ఇంకో సంగతి అతనికి పట్టలేదు. మునుపెన్నడూ పట్నం మొహం చూడనివాళ్ళు కూడా అతని బండెక్కి మఆన్‌లో దింపమంటున్నారు. అందరూ ఉతికిన అబాయాలే, అందరి గడ్డాలకీ అత్తరే. "ఏం పని?" అంటే, "ఊరికే, ఒక కాఫీ తాగొద్దామని" అనేవాళ్ళు. స్వేలెం వాళ్ళని దింపేసి, అతల్లా ఎదురవుతాడేమోనని షోరూమ్ వీధికి పోకుండా చుట్టుదారిన వచ్చేసేవాడు.

చివరికి ఉండబట్టలేక హమ్రాను తీసుకెళ్ళి రెండు కొండల అవతల చెల్లెలి గుడారం వెనక కట్టేసి వచ్చాడు. "కుంటిదైపోయిందని చెప్పు, చచ్చిపోయిందని చెప్పు, ఎవరడిగినా ఏదో ఒకటి చెప్పు" అని ఫిద్దాకి నేర్పాడు.

"చచ్చిన ఒంటె కుంటుతోందని చెబుతాలే" అంది ఫిద్దా.

సరిగ్గా ఆ మర్నాడు పొద్దున అతల్లా దిగాడు. ఇస్త్రీ చొక్కా మీద అబాయా కప్పుకున్నాడు. స్వేలెం నవ్వు తెచ్చిపెట్టుకుని ఎదురెళ్ళి, లోపల కూర్చోబెట్టి, గింజలు వేయించి, దంచి, తన చేత్తోనే కాఫీ కాచాడు. రోకలి రెండుసార్లు తప్పు చప్పుడు చేసింది.

గిన్నె అందించబోతుండగా బయట పెద్దగా అరుపు. తాడు తెంపుకుని, రెండు కొండలూ దాటి, హమ్రా ఇంటికొచ్చేసింది. నేరుగా గుడారంలోకి తలపెట్టి అతల్లా భుజం వాసన చూసింది.

"అబ్బ, ఏం అందం! దేవుడు చల్లగా చూడాలి" అంటూ అతల్లా దాని మెడ నిమిరాడు.

అతల్లా గిన్నె తీసుకున్నాడు. వాసన చూశాడు. కంబళి మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆడవాళ్ళ వైపు తెర అవతల ఫిద్దా గాజుల చప్పుడు ఆగిపోయింది. స్వేలెం ఒంటెను చూశాడు, గిన్నెను చూశాడు. తన గుడారంలో ఇంతవరకూ కాఫీ చల్లారలేదు.

"తాగు నాయనా" అన్నాడు. "అడిగింది ఇచ్చినట్టే."

అతల్లా ఒక్క గుక్కలో తాగేశాడు. "బాబాయ్, మీరు బండి తీసుకెళ్ళినప్పటినుంచి నా షాపులో పదకొండుమంది గిన్నెలు కింద పెట్టారు. ఒకాయన ట్రాక్టరు అడిగాడు. నేను ట్రాక్టర్లే అమ్మను. కాఫీ మానేసి నిమ్మరసం పెట్టించా. దాన్నీ కింద పెడుతున్నారు! ఇంకో నెల ఇలా సాగితే నేను షాపుకి తాళం వేసి గొర్రెలు కాసుకోవాలి."

"మరి... నా ఒంటె?"

"ఒంటె ఎందుకు బాబాయ్? దానికి వెనక్కి పోయే గేరు కూడా లేదు. నాక్కావలసింది ఒక్క మాట. ఈ శుక్రవారం అందరి ముందూ మీరు బండిని ఇరవై వేలకి కొన్నానని చెప్పాలి. అతల్లా కాఫీ తాగించి నెత్తిన టోపీ పెట్టాడని చెప్పాలి."

స్వేలెం నోరు తెరుచుకుంది. "అబద్ధం చెప్పమంటావా, నన్ను?"

తెర వెనక ఫిద్దా ఫక్కున నవ్వింది. "పాపం, ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలి కాబోలు!"

"ఆ రోజు సోఫాలో పెద్దమనుషులున్నారు కదయ్యా! వాళ్ళు విన్నారు!"

"వాళ్ళ గుడారాల్లో గిన్నె కింద పెట్టే ఇటొస్తున్నా."

స్వేలెం లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మిఫ్దీ మీసం, పండగరోజు మంగలి, ఏడాది దోమ అన్నీ కళ్ళముందు తిరిగాయి. "ఒంటెను తీసుకెళ్ళు" అన్నాడు ఉన్నట్టుండి. "తీసుకెళ్ళు నాయనా, కట్టి ఇస్తా. నీ బండిలోకి నేనే ఎక్కిస్తా."

"మాటిచ్చారు బాబాయ్."

"ఇచ్చాడు, విన్నా" అంది తెర వెనకనుంచి ఫిద్దా.

శుక్రవారం పెద్ద గుడారం కిటకిటలాడింది. స్వేలెం మూడుసార్లు చెప్పులేసుకుని బయటికి పోయి, మూడుసార్లు తిరిగొచ్చి కూర్చున్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఆ పికప్ సంగతి... పదిహేడున్నర కాదు. ఇరవై. పూర్తిగా ఇరవై వేలు. కాఫీ తాగించి నెత్తిన టోపీ పెట్టాడు. పరువు పోతుందని దాచా."

గడ్డాలకి అత్తరు పూసుకుని ఇంకా పట్నం వెళ్ళాల్సిన నలుగురు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది. ఆ నవ్వుకి గుడారం గుంజలు కదిలాయి. మిఫ్దీ నెమ్మదిగా తలగుడ్డ కొస కిందికి లాగాడు. మీసం నిక్షేపంలా ఉంది. నెల రోజులు ఎండ తగలక ఇంకా నల్లబడింది కూడా.

"నాకంటే వెయ్యి ఎక్కువా బావా?" అంటూ మిఫ్దీ వచ్చి పక్కన కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు, నవ్వుకో మరి దేనికో. "పోనీలే. ఈసారి కొన్నప్పుడు నన్ను తీసుకుపో. తాగు, తాగు" అని తన చేత్తో కాఫీ వంపి ఇచ్చాడు.

స్వేలెం గిన్నె పట్టుకున్నాడు. కింద పెట్టాలని వేళ్ళు దురదపెట్టాయి. పెట్టి, ఆ మీసమే అడిగితే? మిఫ్దీ కాదనలేడు. గిన్నె కంబళికి జానెడు దూరం దాకా దిగింది. అక్కడ ఆగింది. మళ్ళీ పైకి లేచింది. తాగేసి, చాలని గిన్నె ఊపి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి తెల్లటి బండిని గుడారం పక్కన నిలిపాడు. హమ్రా పడుకుని నెమరేస్తోంది. స్వేలెం అటూ ఇటూ చూశాడు. ఫిద్దా రొట్టెల దగ్గరుంది. తూర్పున దుమ్ము లేదు. అతను ఒంటె పక్కన గొంతుక్కూర్చుని, దాని చెవి పైకెత్తి పట్టుకుని, అసలు ధర చెప్పాడు.

చెవిలో చెప్పేటప్పుడు కూడా ఇంకో అయిదు వందలు తగ్గించే చెప్పాడు.