జోడీ రూల్

పెళ్లి చీరలకని మీరు వరంగల్‌లో ఏదో ఒక పెద్ద బట్టల షోరూమ్‌కు వెళ్లే ఉంటారు. మెత్తటి స్టూలు మీద కూర్చుంటారు, చల్లటి నీళ్లిస్తే తాగుతారు. కౌంటరు అవతల ఒకమ్మాయి చీర మీద చీర విప్పి పరుస్తుంది. రంగు చూస్తారు, అంచు చూస్తారు, నచ్చలేదని పక్కకు తోస్తారు. ఆమె కాళ్లు మాత్రం చూడరు. చూద్దామన్నా కౌంటరు అడ్డం.

పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా ఆ కాళ్లు నిలబడే ఉండాలి. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. కూర్చుంటే దుకాణం కళ తప్పుతుందట! మనుషుల్ని నిలబెట్టి తెచ్చుకునే కళ ఏం కళో, ఆ యజమానులకే తెలియాలి.

అలాంటి ఒక షోరూమ్‌లో ఫ్లోర్ మేనేజర్ సారంగపాణి. అందరినీ తానొక్కడే కనిపెట్టి ఉండడం కష్టమని ఒక ఉపాయం పన్నాడు. కౌంటరుకు ఇద్దరు. ఒకరు కూర్చుంటే శిక్ష రెండోవారికి. ఆ రెండో మనిషి గుమ్మం బయట ఎండలో నిలబడి వచ్చేపోయేవాళ్లకు దండాలు పెట్టాలి. దానికి జోడీ రూల్ అని పేరు. పేరెంత ముద్దుగా ఉందో చూడండి! ఆనాటి నుంచి ఆయనకు కాపలా పని తప్పింది. ఆడవాళ్లే ఒకరికొకరు పోలీసులయ్యారు.

రమ, అఫ్సానాలది కాటన్ చీరల కౌంటరు. ఒకప్పుడు అఫ్సానా తెచ్చిన బగారన్నంలో సగం రమదే. ఈ రూల్ వచ్చాక ఇద్దరూ చెరో మూలకు తిరిగి తింటున్నారు.

అఫ్సానా పిక్కల్లో నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఓర్చుకోలేక చీరల మూట మీద కూలబడింది. సారంగపాణి చూశాడు, రమను గుమ్మం బయటకు పంపాడు. బయట రోళ్లు పగిలే ఎండ.

సాయంత్రం లోపలికి వచ్చిన రమ మొహం కందిపోయి ఉంది.

"నీ కాళ్ల నొప్పికి నేనెందుకు ఎండాల్నే? సిగ్గనిపిస్తలేదా?"

"దవాఖానల జర కూసుంటుండమన్నరక్కా. ఈ నౌకరీ పోతే నా ఇల్లు నడువది. నన్నేం జెయ్యమంటవ్?"

రమ వినలేదు. నేరుగా సారంగపాణి దగ్గరికి పోయింది.

"ఆమెతోని నాకు పడ్తలేదు సార్. నా కౌంటర్ మార్చుండ్రి."

ఆయన నవ్వాడు. "మార్చుడెందుకు? అఫ్సానా పని చేస్తలేదని రేపు పొద్దుగాల మీటింగ్‌ల అందరి ముందట చెప్పు. ఆమెనే పంపించేస్త."

రమ అడిగింది కౌంటరు మార్పు. ఆయన తీస్తానన్నది ఒక మనిషి బతుకుదెరువు. రమ తలూపలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు అందరూ వరుసలో నిలబడ్డారు. "చెప్పు రమా" అన్నాడు సారంగపాణి. అఫ్సానా నేల చూపులు చూస్తూ బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. తానూ అదే పని చేస్తున్నట్టు రమకు అప్పుడు తెలిసింది. వరుసంతా అదే పని చేస్తోంది. ఆమెకు కడుపు మండింది. ఈసారి ఆ మంట అఫ్సానా మీద కాదు.

"మాకు కొట్లాట ఉన్నమాట నిజమే సార్. పెట్టింది మాత్రం మీరే" అంటూ గిరాకీలు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది.

"లెవ్వు! లేకుంటే నీ జోడీని ఎండల నిలవెడ్త!"

"అఫ్సానా, నువ్వు గూడ కూసో."

"నౌకరీ పోతదక్కా."

"నిలవడ్డా పోయేదే. కూసో."

అఫ్సానా పక్క స్టూలు అంచున కూర్చుంది.

"ఇప్పుడు ఎవల్ని పంపుతరు సార్?" అన్నది రమ.

సారంగపాణి ఒకసారి ఈమెను, ఒకసారి ఆమెను చూశాడు. ఒకరు నిలబడితేనే ఆ రూల్‌కు బలం. ఇద్దరూ కూర్చున్నాక శిక్ష వేయడానికి మనిషే మిగల్లేదు. పట్టుచీరల కౌంటరులోని పెద్దావిడ చిలుకమ్మ కూర్చుంది. ఆమె జోడీ శారద కూర్చుంది. చూస్తుండగానే వరుసంతా కూర్చుంది.

"అందర్నీ తీసేస్త!" అని అరిచాడాయన.

"తియ్యి. పెండ్లిళ్ల గిరాకీ నువ్వొక్కనివే సూసుకో" అన్నది చిలుకమ్మ.

అంతలోనే పరకాల నుంచి మనవరాలి పెళ్లి బట్టలకని లక్ష్మీనర్సమ్మ బలగంతో దిగింది. లేవమని సారంగపాణి బతిమాలాడు. ఒక్కరూ లేవలేదు. సంగతేమిటని అడిగి తెలుసుకుని ఆ ముసలామె ఆయన మీదికే తిరిగింది.

"ఎనుకట బట్టల సేటు గద్దె మీద కూసోనే చీరలు సూపెట్టేటోడు. అప్పుడు లేని నామోషీ ఈ ఆడివిల్లలు కూసుంటే వచ్చిందా? కూసోనే సూపియ్యుండ్రి బిడ్డా."

ఆ రోజు బేరమంతా కూర్చునే సాగింది. చీరలేమీ మాసిపోలేదు, గిరాకీ తగ్గలేదు. ఆ వారంలోనే కౌంటర్ల వెనక స్టూళ్లు పడ్డాయి. జోడీ రూల్ మాట సారంగపాణి మళ్లీ ఎత్తలేదు.

స్టూళ్లు పడ్డ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళ రమ తల దించుకుంది. "కోపంల నీ నౌకరీ తీసేపిచ్చేదాన్ని చెల్లె" అన్నది. అఫ్సానా అన్నం డబ్బా ఆమె వైపు జరిపింది. పక్కనే ఉన్న చిలుకమ్మ ఊరుకోలేదు.

"కోపం ఉండాలె పిల్లా, కొట్లాడాలె గూడ. అయితే నీ పక్కన నిలవడి కాళ్లు గుంజుతున్నదానితోని కాదు, మీ ఇద్దర్నీ కూసోవద్దన్నోనితోని!"