బోల్టు కింద నల్ల రంగు

నేను ఒక ఎర్త్ పట్టీని. రాగి తీగలను జడలా అల్లి, రెండు కొసలకీ కన్నాల బిళ్ళలు నొక్కితే పుట్టాను. ఒక కొస ఇంజనుకీ, ఇంకో కొస ఛాసిస్‌కీ బిగించారు. ఇంజను వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే నా మీదుగానే పోవాలి. ఇంత చాకిరీ చేస్తున్నా నన్ను తలుచుకున్న వాడు లేడు. హారనుకైతే బండి కొన్నరోజే పూలదండ వేశారు.

నాది కైకలూరులో చేపలు మోసే వ్యాను. మొదటి యజమాని దాన్ని ఏళ్ళ తరబడి వానలో నానబెట్టి అమ్ముకున్నాడు. రెండోవాడు నాంచారయ్య, తోలేదీ కడిగేదీ ఆయనే. ఈ వేసవిలో బండిని ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది. బ్రేకుల సంగతి తర్వాత, ముందు అడుగుభాగం నల్లగా నిగనిగలాడాలి. మనుషుల లెక్క అది! పెయింటరు నా కొస ఊడదీసి, ఛాసిస్‌కి దట్టంగా రంగు కొట్టి, ఆ రంగు మీదే నన్ను బిగించాడు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరల్లోంచి ఏ కాస్తో పాకుతుంది, అంతే.

బండి పాసైంది. మర్నాటి నుంచి మీటరు బోర్డులో ఇంజను దీపం వెలగడం మొదలైంది. కరెంటుకి తిరుగుదారి చాలక సెన్సార్లు తప్పు లెక్కలు చెప్పేవి, కంప్యూటరు నేరం వాటి మీద రాసేది. ఎలక్ట్రీషియన్ సుభానీ స్కానరు పెడితే ఒకసారి క్రాంక్ సెన్సారు చెడిందని కోడు, ఇంకోసారి యాక్సిలరేటరు చెడిందని కోడు. స్కానరు ఏ పేరు చెబితే ఆ సామాను మార్చాడు. అయినా హెడ్‌లైట్లు వేస్తే చాలు, ఇంజను దగ్గి ఆగిపోయేది. చేపల లోడుతో రెండుసార్లు నడిరోడ్డు మీద నిలబడిపోయాం.

చేపల షావుకారు తెగేసి చెప్పాడు. "ఇయ్యాల కూడా సరుకు మెత్తబడిందంటే రేపట్నుంచి నీ బండి మాకొద్దు నాంచారయ్యా. నీ కష్టాలు చేపకి తెలవవు."

లోడెత్తుకుని ఊరు దాటకముందే మళ్ళీ దీపం. నాంచారయ్య బండిని నేరుగా సుభానీ షెడ్డుకి తిప్పాడు.

"మళ్ళీ సెన్సారన్నావంటే నిన్నే ఐసులో పూడుస్తా భాయ్."

"ఉండవయ్యా బాబూ! ఇన్ని కోడ్లు ఒక్కసారే ఎట్టా వస్తయ్? అన్నీ కూడబలుక్కుని చావవు గదా."

సుభానీ లావుపాటి కేబులు తెచ్చి ఇంజనునీ బ్యాటరీ నెగటివ్‌నీ నేరుగా కలిపాడు. కోడ్లు చెరిపి స్టార్టు చేశాడు. దీపం రాలేదు. హెడ్‌లైట్లు వేశాడు. ఇంజను తడబడలేదు.

"ఎర్తు! తెగులంతా ఎర్తులో ఉంది" అంటూ బండి కింద దూరాడు. ఇన్నేళ్ళకి ఒక మనిషి నన్ను పరీక్షగా చూస్తున్నాడని పొంగిపోయాను.

"ఇదిగో, నల్లబడి చచ్చింది దరిద్రపుది. దీని పనే ఇదంతా."

నా పనా! ఊడబీకి పక్కన పారేశాడు. కొత్త పట్టీ పెట్టబోతూ, "కొత్తదానికి చోటన్నా శుభ్రంగా ఉండాలిలే" అని బోల్టు చుట్టూ గరుకు కాగితంతో రంగు పోయి ఇనుము తేలేదాకా రుద్దాడు. కేబులు తీసేసినా బండి గుక్క తిప్పుకోకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం నాంచారయ్య ఓ పెద్ద బొచ్చె చేప పట్టుకొచ్చాడు. "ఐసు కరగకముందే దించేశా భాయ్. షావుకారు రేపూ రమ్మన్నాడు. ఎంత ఏడిపించిందయ్యా ఆ ముక్క!"

అప్పట్నుంచి షెడ్డుకి ఏ బండి వచ్చినా సుభానీ ముందు ఎర్త్ పట్టీనే ఊడదీస్తున్నాడు. నేనున్న పాత సామాన్ల డబ్బా నిండుతోంది. అందరం ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. ఒక్కదాని తీగా తెగి లేదు.