మెట్టెల కొలత

తొడిమలు తీస్తూ తీస్తూ వనజ మిరపకాయల రాశి ముందే కునికింది. కారం అంటిన చేత్తో కళ్ళు నలుపుకుని అబ్బా అంటూ లేచింది.

"కూసున్నకాడ నిద్ర, పండుకుంటే గురక. ఏం పుట్టుకనే నీది," అంది అత్త పున్నమ్మ. కూలి ఆడవాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. వనజకు కళ్ళకంటే ఒళ్ళే ఎక్కువ మండింది.

నాలుగేళ్ళుగా ఇదే వరస. భర్త మురళీకృష్ణ మోచేత్తో పొడిచి పొడిచి, చివరికి ఆమె మంచం వసారాలో వేయించాడు. "నీకంటే ట్రాక్టర్ నయం," అన్నాడు చుట్టాల ముందు. తిండి ఎక్కువై గురక పెడుతోందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆమె తినేది అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది! ఆ నాలుగేళ్ళలోనే కాలి మెట్టెలు బిగిసిపోయాయి. ముత్తయిదువ కాళ్ళు బోసిగా ఉండకూడదని పున్నమ్మ ఏన్కూరు కంసాలి పిచ్చయ్య చేత మూడుసార్లు వాటిని సాగదీయించింది. సాగదీసిన ప్రతిసారీ వేళ్ళు కొలిపించింది.

తన నిద్ర పాడవుతోందని మొన్న మురళీకృష్ణే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గొంతు కంటే ముందు చేతులు చూసింది. "ఉంగరాలు, చెప్పులు బిగుతయ్యాయా?" అని అడిగింది. ఫోన్‌లో పెళ్ళిఫోటో ఉంటే చూపించమంది. ఆ ఫోటోలో ముక్కూ దవడా ఎవరివో అనిపించాయి వనజకే. స్కానింగ్ చూశాక డాక్టరమ్మ చెప్పింది: మెదడు కింద చిన్న గడ్డ. దానివల్ల ఎముకలతో పాటు నాలుకా పెరిగింది. నిద్రలో అదే గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగుతోంది. అందుకే ఆ గురక, పగటిపూట కునుకు. అరుదైన జబ్బు. ఆలస్యం చేస్తే గుండెకు ముప్పు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలి.

"మిర్చి ఏరుడు అయినంక చూద్దాం," అన్నాడు మురళీకృష్ణ. "అప్పటిదాంక గురక తగ్గే గోలీ రాయండి మేడం."

వనజ ఇప్పుడు కళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. రెండు చీరలూ స్కానింగ్ కాగితాలూ సంచిలో పెట్టుకుంది. ట్రాక్టర్ పనిముట్ల డబ్బాలోంచి కటింగ్ ప్లేయర్ తీసి మెట్టెలు తెంపుకుంది. వాటిని అత్త చేతిలో పెట్టింది.

పున్నమ్మ నోరెళ్ళబెట్టింది. "మెట్టెలు లేకుంట గడప దాటుతవా? చూసినోళ్ళు ఏమంటరు?"

"మూడుసార్లు నా వేళ్ళు కొలిపిచ్చినవు అత్తమ్మా. ఎందుకు పెరుగుతున్నయని ఒక్కసారన్న అడిగినవా?"

"కాయ ఎవరు ఏరాలె?" అన్నాడు అప్పుడే చేను నుంచి వచ్చిన మురళీకృష్ణ.

"ఇంకిద్దరు కూలోళ్ళను పెట్టుకోండి. నేను ఆపరేషన్ అయినంకనే వస్త."

హైదరాబాదు బస్సులో కిటికీ పక్కన కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. గురక పెట్టే ఉంటుంది. ఖమ్మం వచ్చేదాకా ఎవరూ మోచేత్తో పొడవలేదు.