ఉప్పు పట్టే కిటికీలు

గ్యారేజీ నేల మీద పరిచిన తెల్లని గుడారపు గుడ్డకు నిరుటి వాన వాసన ఇంకా వదల్లేదు. ఉన్నూర్ మోకాళ్ల మీద కూర్చుని, అంచుల్లో నల్లగా పట్టిన బూజును సబ్బునీటితో రుద్దుతోంది. బయట మే నెల ఎండ, పేరుకే ఎండ. తలుపు దగ్గర కాఫీ తాగుతూ నిలబడిన భర్త ఈవార్ ఆమె వైపు జాలిగా చూశాడు.

"ఈ ఏడు నువ్వు నిజంగా విశ్రాంతి తీసుకోవాలి. దీవికెళ్లాక ఏ పనీ నెత్తిన వేసుకోకు," అన్నాడు. అని, ఖాళీ కప్పును మెట్టు మీదే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

రుద్దడం ఆపి ఆమె ఆ కప్పు వంక చాలాసేపు చూసింది.

ఆగస్టు మొదట్లో దీవిలో జరిగే ఉత్సవానికి వెళ్లిరావడమే వాళ్లింట సెలవు. ఆ మాట వింటే వాళ్లుండే రేక్యవిక్ నగరంలో అసూయపడనివారు లేరు. "సముద్రం నడుమ అగ్నిపర్వతాలు, రాత్రంతా పాటలు! అదృష్టం నీదే, మాకు రెండు రొట్టెలు పట్టుకురా," అంటారు దంతవైద్యశాలలో ఆమె తోటివాళ్లు. "ఆగస్టులో ఎలాగూ హాయిగా గడిపొస్తావుగా, జూలైలో అందరి పనీ నువ్వే చూసుకో," అంటాడు డాక్టరు. ఆ హాయి ఎలాంటిదో వాళ్లకు తెలియదు. ఆ దీవి లోయలో వరుసలుగా లేచే తెల్లని గుడారాల్లో ప్రతి కుటుంబమూ తన ముందుగదిని యథాతథంగా దింపాలి. సోఫా, బల్ల, దీపం, తెరలు, పటాలు, పింగాణీ కప్పులు. ఇక వచ్చేవాళ్లకు వేళాపాళా ఉండదు. పొగబెట్టిన పఫిన్ పిట్ట మాంసం, గొర్రెమాంసం చుట్టిన పలుచని రొట్టెలు, కేకులు, కాఫీ, మళ్లీ కాఫీ. "మా గుడారం తలుపు ఎవరికీ మూసి ఉండదు," అని ఈవార్ గిటారు భుజాన వేసుకుని చెబుతాడు. ఆ తలుపు వెనుక గ్యాసు పొయ్యి ముందు నిలబడేది ఎవరో చెప్పవలసిన అవసరం అతనికి ఎన్నడూ కలగలేదు. కొండవాలున వేలమంది కూర్చుని పాడే పాటలను ఉన్నూర్ పెళ్లయిన నాటి నుంచి గుడ్డ గోడకు ఇవతల నిలబడే వింటూ వస్తోంది.

సృష్టి ముగిసిన ఏడవనాడు భగవంతుడంతటివాడు విశ్రమించాడని లోయలో జరిగే ప్రార్థనలో పాదిరిగారు ఏటా చెబుతారు. ఆనాటి అంట్లు ఎవరు కడిగారో అని నిరుడు ఆమెకు సందేహం కలిగింది. దైవభక్తి గల మనిషి కావడం చేత ఆ సందేహానికి తానే భయపడి, చేతిలో గిన్నె పట్టుకునే, లోలోపల క్షమాపణ చెప్పుకుంది. అయినా ఆ ప్రశ్న పోలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. దీవిలో ఊరి పక్కన, ఈవార్ పుట్టకముందు నేల చీలి, రాత్రికి రాత్రి పుట్టిన కొత్త కొండ ఒకటుంది. దాని మట్టిలో చెయ్యి పెడితే ఇప్పటికీ వెచ్చగా తగులుతుందట. కూతురు ఎంబ్లా చెప్పింది. ఉన్నూర్ ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ కొండ ఎక్కలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈవార్ ఉత్సాహంగా ఉన్నాడు.

"ఈసారి మా ఆఫీసు వాళ్లందర్నీ రమ్మన్నాను. పెద్ద సోఫా తీసుకెళ్దాం. సోమవారం పొద్దున్నే ఓడ ఆఫీసుకు ఫోన్ చేసి వ్యాన్‌కి చోటు చెప్పెయ్ ఉన్నూర్. ఆలస్యమైతే దొరకదు."

"పెద్ద సోఫా ఎవరు మోస్తారు నాన్నా?" అంది ఎంబ్లా.

"మగాళ్లం లేమా?"

"నిరుడు ఒక కొస అమ్మ పట్టుకుంది."

"రెండో కొస పట్టుకుంది నేనే కదే," అని అతడు నవ్వాడు. "అంత వంకలు పెట్టేదానివి, ఈసారి నువ్వూ అమ్మ పక్కన నిలబడి రొట్టెలు కాల్చడం నేర్చుకో. రేపు మన గుడారం నీ చేతికే కదా రావాలి."

అతడు ప్రేమగానే అన్నాడు. కానీ ఉన్నూర్ చెంచా కింద పెట్టేసింది. ఏటా తాను నిలబడే చోట, అదే పొయ్యి ముందు, పిల్ల వీపు ఆమె కళ్లకు కట్టింది.

మర్నాడు ఆదివారం ప్రార్థన ముగించుకుని అత్తగారు రన్వేగ్ వచ్చింది. గుడారపు నీలి తెరల అంచు ఊడిందని కుట్టడానికి కూర్చుంది. ఆ నీలం ఆమె పుట్టింటి రంగు కాదు, మెట్టినింటి రంగు. కొత్త కొండ కక్కిన లావా కింద కప్పబడిపోయిన ఇంటి ముందుగదికి అచ్చంగా అవే తెరలు ఉండేవి. ఈవార్ ఎన్నడూ చూడని ఆ గదిని గుడారంలో చూపించి, "ఇది మా అమ్మ ఇల్లు," అని అతిథులకు గర్వంగా చెబుతాడు. అందుకే ఉన్నూర్‌కు ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి దగ్గర ఉన్న గుడారాన్ని కూడా లాక్కోవడం పాపం కాదా?

"అత్తయ్యా, ఒక మాట అంటాను, కోప్పడకండి. ఈ ఏడు గుడారం వెయ్యకపోతే?"

సూది ఆగింది. రన్వేగ్ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ కొండ పుట్టిన రాత్రి చేపల పడవల్లో మమ్మల్ని ఇవతలి ఒడ్డుకు చేర్చారు. ఈవార్ నా కడుపులో ఉన్నాడు. తర్వాత మా వీధంతా లావా కిందకి పోయిందని రేడియోలో చెప్పారు. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అయితే అమ్మాయ్, ఏడవడానికి ముందు నాకేం తోచిందో తెలుసా?" గొంతు తగ్గించింది. "సముద్రం వైపు కిటికీలుండేవి. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి ఉప్పు పట్టేసేది. మీ మామగారు అద్దం మీద వేలితో గీసి చూపించేవారు. అమ్మయ్య, ఇంక అవి తుడవక్కర్లేదు అనుకున్నాను. దేవుడు వింటాడేమోనని నోరు మూసుకున్నాను. ఇదిగో, ఇవాళ దాకా మూసుకునే ఉన్నాను."

"మరి ఆ గదే మళ్లీ గుడారంలో ఎందుకు కట్టారు?"

"నేనెక్కడ కట్టాను? మీ మామగారు కట్టమన్నారు. ఆయన పోయాక వాడు మురిసిపోతుంటే కాదనలేకపోయాను. నువ్వు ఇష్టంగా చేస్తున్నావనుకున్నాను."

"మీ కోసం చేస్తున్నాననుకున్నాను నేను."

ముందుగా నవ్వింది రన్వేగ్; ఆ నవ్వులో కంటి నీరు కూడా ఉంది.

"ఆ కొండ ఎక్కారా అత్తయ్యా ఎప్పుడైనా?"

"తీరికేదీ?" అంది ఆమె. మళ్లీ తనే, "మోకాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయిలే. దీవిలో మా చెల్లెలింట్లో నేల మీద పడుకోవచ్చు," అని, సగం కుట్టిన తెరను నాలుగు మడతలు పెట్టి, సూదిని డబ్బాలో వేసి మూత బిగించింది.

సోమవారం పొద్దున ఉన్నూర్ వంటింట్లోంచే ఫోన్ చేసింది. ఎదుట ఈవార్ రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. ఏటా మాట్లాడే అమ్మాయే ఓడ ఆఫీసులో ఫోన్ తీసింది.

"ఉన్నూర్‌గారా? మీ ఫోన్ కోసమే చూస్తున్నానండీ. మీ వ్యాన్‌కి చోటు అట్టేపెట్టాను. ఎప్పటిలాగేగా?"

"వ్యాన్ వద్దమ్మా, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. మనుషులకు చాలు. నలుగురం."

వెన్న రాస్తున్న కత్తి రొట్టె మీదే ఆగిపోయింది.

"వ్యాన్ లేకపోతే మీ సామానంతా ఎలా వస్తుందండీ?"

ఉన్నూర్ భర్త ముఖంలోకి సూటిగా చూసింది.

"సామాను రాదమ్మా. ఈసారి మేమే వస్తున్నాం."