డాలు వెనక చల్లదనం

మగ్గం గది కిటికీలకు కట్టిన గోనెపట్టాలు పొద్దున్నే రెండోసారి తడిపాను. ఎండకు పోగు ఆరితే తెగిపోతుంది. అందుకే మే నెలంతా మా ఇంట్లో చల్లగా ఉండేది ఆ గది ఒక్కటే. నేను వండేది, పడుకునేది రేకుల కింద. ఏడో నెల కదా, కాసేపు లోపల పడుకుంటానని అడిగితే మా అత్త రుద్రమ్మ నవ్వింది. డిగ్రీ చదివినోళ్లకే ఎండ తగులుతుందా అంది. మగ్గం మీదున్న మామ తల ఎత్తలేదు. ఆదోనిలో ఉండి పత్తి జిన్నింగు మిల్లుకు పోయే మా ఆయన వీరేష్, ఆదివారం వచ్చి అమ్మతో మాట్లాడతానన్నాడు. ఎన్నో ఆదివారాలు వచ్చి పోయాడు.

నిన్నటి నుంచి బిడ్డ కదలడం తగ్గింది. ఈ పొద్దు అసలు కదల్లేదు. అలాగైతే ఆగకుండా రమ్మని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. అత్తకు చెప్పాను.

"ఎండకు నిద్రపోతాంటాది లే. ఈరేశు రానీ. మగోడు లేకుండా ఆస్పత్రికి యాడ పోతావు?"

ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మెసేజ్ పెట్టి కూర్చున్నాను.

సూర్యుడి దగ్గరికి పోయే అంతరిక్ష నౌక గురించి, టీచరుగా చేసినప్పుడు బడిలో పిల్లలకు చెప్పింది నేనే. ముందున్న కర్బన డాలు నిప్పులా కాగుతుంటే, వెనక పరికరాలు నీడలో చల్లగా పనిచేస్తాయి. ఈ ఇంటికి ఆ డాలును నేనే అనుకుని గర్వపడ్డ రోజులూ ఉన్నాయి. కానీ డాలు లోపలంతా గాలి నిండిన కర్బన నురగే, ఉత్త బోలు. నా లోపల ఒకరున్నారు.

నౌక పక్కకు ఒరిగితే మనకు ఫోన్ చేస్తుందా మేడం అని ఈశ్వరి అనే పిల్ల అడిగింది. అందరూ నవ్వారు. మాట ఇక్కడికి చేరడానికే ఎనిమిది నిమిషాలు, జవాబు పోవడానికి ఇంకో ఎనిమిది, అంతలో కాలిపోతుంది అన్నాను. అందుకే నీడ అంచున ఎండను కనిపెట్టే కళ్లలాంటి సెన్సర్లుంటాయి. వాటికి వెలుగు తగిలితే చాలు, నౌక ఎవరినీ అడగకుండా తనే మళ్లీ డాలు చాటుకు తిరుగుతుంది. చాక్‌పీసు పట్టుకుని ఎంత ధీమాగా చెప్పానో.

లేచి ఆస్పత్రి కార్డు తీసుకున్నాను.

"అత్తా, ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోతాండాను."

"ఈరేశు ఏమన్నాడు?"

"ఏమీ అనలా."

"మరి ఎవుర్ని అడిగి పోతాండావు?"

చెప్పులు వేసుకున్నాను.

నందవరం దాటాక ఆటో గుంతల్లో ఎగిరింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నాను, రెండోది పొట్ట మీద. లోపల ఏ అలికిడీ లేదు. సంచిలో ఫోన్ మోగింది. ఆయనే అయ్యుంటాడు. ఎత్తాలంటే పొట్ట మీది చెయ్యి తీయాలి.

మోగనిచ్చాను.