పెద్దింట్లమ్మ నిండు చిప్ప

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి ముప్పై ఏళ్ళు దాటినా, వేసవిలో కాలవలు కట్టేశారంటే రామచంద్రపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి తిప్పలు మొదలే. నూతినీళ్ళు తప్ప గతి లేదు. ఆ నీళ్ళలో కందిపప్పు పొద్దున్న పొయ్యెక్కిస్తే మధ్యాహ్నానికి కూడా గింజ గింజగానే ఉంటుంది. అందుకని అరటి బోదెలు ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద నానబెట్టి, పైకి తేరిన తేటని వంటనీళ్ళలో పోస్తారు. నీళ్ళ గట్టితనమంతా తెల్లటి మడ్డిగా అడుక్కి దిగుతుంది. అయితే ఎంత పొయ్యాలన్న దగ్గరే ఉంది పేచీ అంతా. తక్కువైతే పప్పు ఉడకదు. ఎక్కువైతే జిగురు ముద్దయి, నోట్లో పెడితే నాలిక పొక్కుతుంది.

పెద్దింట్లమ్మ ఇంట్లో బిందెడు నీళ్ళకి నిండు కొబ్బరి చిప్ప. ఆవిడ కాపరానికొచ్చిన నాటి నుంచీ అదే కొలత, దానికి తిరుగులేదు. కోడలు లోవలక్ష్మికి ఒళ్ళు మండేది అక్కడే. ఆమెది ఉప్పాడ పక్క. సముద్రం దగ్గరి నూతుల్లో నీళ్ళు ఈ నెల ఉన్నట్టు పై నెల ఉండవు. అందుకని వాళ్ళమ్మ ఓ గిన్నెలో కాసిని నీళ్ళు తీసుకుని, చుక్క చుక్కగా తేట వేస్తూ, కుంకుడురసం కలిపి చిలికేది. ఎక్కడ నురగ నిలబడితే అదీ ఆ రోజుకి కొలత. గిన్నెలో నీళ్ళు పారబోసి, ఆ లెక్కన వంటనీళ్ళలో పోసుకునేది.

లోవలక్ష్మి అత్తారింట్లోనూ అదే చేయబోయింది.

"తల రుద్దుకునే రసం వంటింట్లోకి తెచ్చేవేంటే? మీ ఊళ్ళో తిండీ తలంటూ ఒకే చోటా?" అని పెద్దింట్లమ్మ గిన్నె తీసి పెరట్లోకి విసిరికొట్టింది.

ఆ రోజు నుంచి తేట కుండ ఆవిడ మంచం కిందికి చేరింది. బుద్ధి పుడితే ఇచ్చేది, లేకపోతే లేదు. ఇవ్వని రోజున ఉడకని పప్పు గరిటెతో తీసుకెళ్ళి ఇరుగుపొరుగుకి చూపించి వచ్చేది, నా కోడలి వంట చూడండమ్మా అని. అంత కుళ్ళు ఎందుకంటే, ఆవిడ తమ్ముడు పల్లంరాజుకి ఈడొచ్చిన కూతురుంది. లోవలక్ష్మిని పడవెక్కించి పుట్టింటికి తోలేసి, ఆ పిల్లని కొడుకు బుజ్జిబాబుకి రెండో పెళ్ళి చెయ్యాలని ఆవిడ పంతం. బుజ్జిబాబేమో తల్లి మాటకి ఊఁ అనడం తప్ప ఎరగడు. శనివారం మావయ్య భోజనానికి వస్తున్నాడు, మాట ఖాయం చేసుకుంటాం అని తల్లి చెప్తే, దానికీ ఊఁ అన్నాడు. లోవలక్ష్మి ఆ రాత్రి భర్త వైపు తిరిగి పడుకోలేదు.

శనివారం ఆ ఇంట్లో నీచు ముట్టరు. కాబట్టి విస్తట్లో పెద్దది పప్పే. ఆ వారంలోనే కాలవ వదిలారు. కొత్తనీరు బురదా చెత్తా మోసుకొస్తోంది కనక ఇంకా ఎవరూ తాగడం లేదు. కాని కాలవ వీళ్ళ పెరటి వెనకే పారుతుంది, ఊట నూతిలోకి దిగుతుంది. పొద్దున్నే తలంటుకుంటుంటే లోవలక్ష్మికి తెలిసింది, కాస్త కుంకుడురసానికే చేతినిండా నురగ, నూతినీళ్ళ గట్టితనం తగ్గిపోయింది.

పల్లంరాజు వచ్చి వీధరుగు మీద కూర్చున్నాడు. పెద్దింట్లమ్మ కుండ తెచ్చి, చిప్ప నిండా తేట ముంచింది.

"నీళ్ళు మారేయండి అత్తయ్యా. సగం చాలు," అంది లోవలక్ష్మి.

"ఎవరే నీకు చెప్పింది?"

"తలంటుకుంటే తెలిసిందండి. నిండుగా పోస్తే పప్పు పాడవుద్ది."

"ఇన్నేళ్ళూ నేను వండింది తిని ఈ ఇంట్లో ఎవడూ చావలేదు. నోరు ముయ్యి," అని అరుగు మీదికి వినపడేలా అరిచి, చిప్ప ఆవిడే వంపేసింది.

పప్పు చూస్తుండగానే జారిపోయి, గోధుమరంగు తిరిగి, సబ్బు వాసన కొట్టింది. పక్కనే పిసికిన చింతపండు పులుసు ఉంది. అది పోస్తే తేట కాటు విరిగిపోయి, పప్పు తినేలా అవుతుందని లోవలక్ష్మికి తెలుసు. పులుసు గిన్నె మీద చెయ్యి కూడా వేసింది. గరిటె పట్టుకుని ఇరుగుపొరుగు గడపలన్నీ తిరిగిన అత్తగారు గుర్తొచ్చింది. చెయ్యి తీసేసింది.

పల్లంరాజు పక్కన బుజ్జిబాబుని కూడా కూర్చోబెట్టి వడ్డించారు. పల్లంరాజు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి వెళ్ళి పెరట్లో ఉమ్మేసి, పుక్కిలించి వచ్చాడు.

"చూశావా తమ్ముడూ, ఇదీ దీని వంట. రోజూ ఇదే నా ఖర్మ," అంది పెద్దింట్లమ్మ.

పల్లంరాజు మళ్ళీ విస్తరి ముందు కూర్చోలేదు. "పోసింది నువ్వే కదక్కా. ఆ అమ్మాయి వద్దనడం, నువ్వు నోరు ముయ్యమనడం, అరుగు మీద నాకు అన్నీ వినపడ్డాయి."

పెద్దింట్లమ్మ పప్పు గిన్నె పక్కకి లాగింది.

"తప్పని చెప్పినందుకు దాన్నే తిట్టేవు. తప్పు నువ్వు చేసి దాని నెత్తిన రుద్దేవు. వీడు పక్కనే ఉండి విస్తట్లోకి చూస్తన్నాడు. ఈ ఇంటికి నా పిల్లనిమ్మంటావా? నా గొంతులో ప్రాణముండగా ఇవ్వను," అని పైపంచె భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. బుజ్జిబాబు "మావయ్యా" అంటూ వీధి మలుపు దాకా వెంటపడ్డాడు గాని, ఆయన ఆగలేదు.

పెద్దింట్లమ్మ గోడకి జారబడి కూర్చుంది. పొద్దువాలేదాకా లేవలేదు. లోవలక్ష్మి జాలి వేస్తుందేమోనని తనలో తనే వెతుక్కుంది. రాలేదు. కడుపులో చల్లగా ఉంది. అన్నం, మజ్జిగ, ఊరగాయ ముక్క విస్తట్లో పెట్టి తెచ్చి అత్తగారి ముందుంచింది.

"తీసుకుపో. నీ చేత్తో పెడితే నాకొద్దు," అంది ఆవిడ.

లోవలక్ష్మి విస్తరి ఇంకాస్త ముందుకి జరిపింది.

"తినండత్తయ్యా. ఇంకో కోడలు రాదు. మీరు పోయేదాకా పెట్టేది ఈ చెయ్యే," అంది.